మా ఊసరవెల్లి ముందుకాళ్ళు వంకరపోతున్నాయి: కీళ్ళ జబ్బా, ఎముకల జబ్బా?

ప్లేనో_అమ్మ

నమస్తే అండీ. మేం టెక్సాస్‌లో ఉంటాం. మా అబ్బాయి ముందు కుక్క అన్నాడు, తర్వాత పిల్లి అన్నాడు, నేను రెండిటికీ ఒప్పుకోలేదు. చివరికి ఊసరవెల్లి దగ్గర రాజీ కుదిరింది. వీల్డ్ కమీలియన్. పేరు పచ్చడి, వాడే పెట్టాడు. మా అత్తగారు మాత్రం "అన్నంలో కలుపుకునేదాని పేరు పురుగులు తినేదానికి పెడతారా" అని ఫోన్ చేసినప్పుడల్లా అంటూనే ఉన్నారు.

వయసు ఆరేడు నెలలు ఉండొచ్చు. ఈమధ్య ముందుకాళ్ళు రెండూ మోచేతికి కింద ఇంకో మోచేయి ఉన్నట్టు వంగిపోయాయి. ఇదివరకు ఒళ్ళు కొమ్మకి పైకెత్తి నడిచేది, ఇప్పుడు పొట్ట కొమ్మకి రాసుకుంటూ ఈడ్చుకుంటూ పోతోంది. నిన్న కిందికి దిగుతూ కొమ్మ అనుకుని ముందు పాదంతో తన వెనక కాలినే పట్టేసుకుంది. వదలడం రాక అలాగే వేలాడుతుంటే మా వాడు మెల్లగా విడిపించాడు. నాలుక విసిరితే పురుగు దాకా పోవడం లేదు, సగంలో జారిపోతోంది. కుడి మణికట్టు దగ్గర వాపులా కూడా ఉంది.

దుకాణంవాళ్ళు కిట్ మొత్తం వాళ్ళే ఇచ్చారు: గాజు పెట్టె, మెలికలు తిరిగిన చిన్న యూవీ బల్బు, రాత్రికి ఎర్ర బల్బు. పెట్టె కిటికీ పక్కనే ఉంది, పొద్దున్నే ఎండ బాగా పడుతుంది. తిండి క్రికెట్ పురుగులు, మీల్‌వార్మ్స్. కాల్షియం పొడి అప్పుడప్పుడు చల్లుతాం.

దగ్గర్లో కుక్కలూ పిల్లులూ చూసే క్లినిక్‌కి ఫోన్ చేస్తే "ఇలాంటివి మేం చూడం, కాల్షియం వేసి చూడండి" అన్నారు. ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది. ఇది కీళ్ళవాపా? తగ్గుతుందా? తెలిసినవాళ్ళు ఎవరైనా చెప్పండి.

చిత్తూరు_చిన్నోడు

కాల్షియమే తక్కువైంది అక్కా. ఇండియా నుంచి తెచ్చుకున్న విటమిన్ డి3 ప్యాకెట్లు ఉంటాయి కదా, 60,000 యూనిట్లవి. పాలలో కాకుండా నీళ్ళలో కలిపి ఒక్క చుక్క నోట్లో వేయండి. మా నాన్న మోకాళ్ళ నొప్పులు దాంతోనే తగ్గాయి. ఎండ ఎలాగూ పడుతోందంటున్నారు, మంచిదే.

తిరుపతి_వెటర్నరీ

ముందు ఆ ప్యాకెట్ సంగతి. వద్దు తమ్ముడూ. అది పెద్దమనిషికి వారానికొకటి చొప్పున డాక్టర్ రాసే మోతాదు. పచ్చడి బరువు మహా అయితే వంద గ్రాముల చుట్టుపక్కల ఉంటుంది. చుక్కలో ఎంత పోయిందో ఎవరు కొలుస్తారు? డి3 మితిమీరితే కాల్షియం ఎముకల్లో కాకుండా రక్తనాళాల్లో, కిడ్నీల్లో గడ్డకడుతుంది. వంకర కాళ్ళతో బతికే జీవి దాంతో చచ్చిపోతుంది.

నేను తిరుపతి వెటర్నరీ కాలేజీలో చదివాను. ఇప్పుడు ఇక్కడ ఎగ్జాటిక్ జంతువుల (కుక్కా పిల్లీ కాని అరుదైన పెంపుడు జంతువుల) ఆసుపత్రిలో టెక్నీషియన్‌ని, లైసెన్స్ పరీక్షలు ఇంకా నడుస్తున్నాయి. కాబట్టి మందుల మోతాదులు రాయను. మిగతాది చెప్తాను, కాస్త పొడుగే అవుతుంది.

అమ్మా, మీరు రాసినవన్నీ కలిపి చూస్తే ఇది చాలావరకు కీళ్ళ జబ్బు కాదు, ఎముకల జబ్బు. మెటబాలిక్ బోన్ డిసీజ్ అంటారు, మేం ఎంబీడీ అంటాం. గుర్తుపట్టడానికి మొదటి ఆధారం, రెండు కాళ్ళూ ఒకేలా వంగడం. ఇన్‌ఫెక్షన్‌గానీ దెబ్బగానీ అయితే మామూలుగా ఒక కాలుకో ఒక కీలుకో వస్తుంది. రక్తంలో తగ్గిన కాల్షియం ఒళ్ళంతటికీ తగ్గుతుంది కాబట్టి రెండువైపులా కనిపిస్తుంది.

లోపల జరిగేది ఇది. గుండె కొట్టుకోవాలన్నా కండరం బిగుసుకోవాలన్నా రక్తంలో కాల్షియం ఒక మట్టానికి తగ్గకూడదు. తిండిలో రాకపోతే పారాథైరాయిడ్ గ్రంథి ఎముకల్లోంచి లాగుతుంది. ఎముక మెత్తబడుతుంది. మెత్తబడ్డ ఎముకని కండరం గుంజితే వంగుతుంది. మీరు చూసిన రెండో మోచేయి అదే. కొన్నిచోట్ల శరీరం ఎముక బదులు నారలాంటి కణజాలం పేర్చి దాన్ని లావు చేస్తుంది, పైకి వాపులా కనిపిస్తుంది. అందుకే చాలామంది కీళ్ళవాపు అనుకుంటారు. నాలుక వెనక కూడా ఒక సన్నని ఎముక ఉంటుంది, దాని మీదుగానే నాలుక దూసుకుపోతుంది. కండరాల్లో బలం పోయి, ఈ ఎముకా దెబ్బతింటే గురి సగంలోనే ఆగిపోతుంది. తన కాలు తనే పట్టుకోవడం కూడా ఈ జబ్బులో మేం తరచూ చూసేదే. విడదీసేటప్పుడు లాగకుండా మెల్లగా చేశాడు చూడండి, మీ అబ్బాయి చేసింది సరైన పని. లాగితే విరుగుతుంది.

దవడ నొక్కి "రబ్బరులా ఉందా" అని చూడమని ఇంటర్నెట్‌లో రాస్తారు. దయచేసి నొక్కకండి. ఎదురుగా కూర్చుని ఫోటో తీయండి. కింది పెదవి గీత తిన్నగా ఉందా, అలలా వంకరగా ఉందా, నోరు మూస్తే పూర్తిగా మూసుకుంటోందా, తలమీది కిరీటం ఒకపక్కకి ఒరిగిందా అన్నది చూస్తే చాలు. ఒక వీడియో కూడా తీయండి, నడిచేటప్పుడు పక్కనుంచి. కాళ్ళో వేళ్ళో వణుకుతుంటే అది ఎమర్జెన్సీ, రేపటిదాకా ఆగొద్దు.

ఇప్పుడు ఎండ. కిటికీ గాజులోంచి వెలుగూ వేడీ వస్తాయి, యూవీబీ (ఎండలో ఉండే అతినీలలోహిత కిరణాల్లో ఒక రకం) రాదు. డి3 తయారవడానికి కావలసింది యూవీబీనే. చర్మంలో ఉన్న ఒక కొవ్వు పదార్థం మీద యూవీబీ పడితే అది డి3కి ముందు రూపంగా మారుతుంది, ఒంటి వేడితో అసలు డి3 అవుతుంది. అంటే వెలుతురూ కావాలి, వేడీ కావాలి. మీ పచ్చడికి వేడి అందింది, యూవీబీ అందలేదు. ఆ మెలికల బల్బు కూడా కొద్ది అంగుళాల దూరానికే పనికొస్తుంది, ఎత్తైన పెట్టెలో కొమ్మ దాకా చాలదు. దుకాణాల్లో కిట్ అని కట్టి అమ్మేవాటిలో నాకు ఎక్కువ ఒళ్ళు మండేది ఈ బల్బుతోనే.

తిండి సంగతి. కాల్షియం రెండు పాళ్ళుంటే ఫాస్ఫరస్ ఒక పాలు ఉండాలి. క్రికెట్ పురుగులో ఇది తలకిందులు, ఫాస్ఫరస్ ఎన్నో రెట్లు ఎక్కువ. పొడి చల్లకుండా పెట్టిన ప్రతి పురుగూ లెక్కని ఇంకాస్త చెడగొడుతుంది. మీల్‌వార్మ్స్ కూడా అంతే.

డాక్టర్ దగ్గరికి వెళ్ళక తప్పదు. ఏఆర్ఏవీ అని సరీసృపాల, ఉభయచరాల వైద్యుల సంఘం ఉంది. వాళ్ళ సైట్లో ఊరు కొడితే దగ్గర్లో ఎవరున్నారో వస్తుంది. డాలస్ చుట్టుపక్కల తప్పక దొరుకుతారు. ముందుగా ఎక్స్‌రే అడగండి. రక్తపరీక్షలో కాల్షియం మామూలుగా వచ్చినా నమ్మి ఊరుకోకండి, ఎముకని కరిగించి మరీ శరీరం ఆ అంకెని నిలబెడుతుంది. ఎక్స్‌రే అబద్ధం చెప్పదు.

చదువుకునే రోజుల్లో ఈనిన గేదె పాలజ్వరంతో పడిపోతే నరంలోకి కాల్షియం సీసా ఎక్కించేవాళ్ళం. సీసా అయ్యేలోపే గేదె లేచి నిలబడేది, రైతు మా కాళ్ళకి దండం పెట్టేవాడు. ఊసరవెల్లి విషయంలో అలాంటి అద్భుతం ఆశించకండి. గేదెది ఒక్కసారిగా వచ్చిన లోటు. దీనిది నెలల తరబడి ఎముకల్లోంచి తోడేసిన లోటు. సూది ద్వారా కాల్షియం వణుకు, మూర్ఛ ఉన్నప్పుడే ఇస్తారు. మిగతావాటికి నోటిద్వారా సిరప్, వారాల తరబడి. రక్తంలో కాల్షియం సర్దుకున్నాక కొందరు డాక్టర్లు కాల్సిటోనిన్ ఇస్తారు, ఎముకని కరిగించే పనిని అది ఆపుతుంది. ముందే ఇస్తే ఉన్న కాల్షియం కూడా పడిపోతుంది. అది వాళ్ళు చూసుకుంటారు.

అప్పటిదాకా ఇంట్లో ఇలా చేయండి. పైకొమ్మలన్నీ తీసేసి పాదం చుట్టూ పట్టేంత సన్నవి, అడ్డంగా, కిందికి కట్టండి. అడుగున తువ్వాలు పరవండి. పురుగుల్ని విడిచిపెట్టకండి, చిన్న కప్పులో వేసి నోటి దగ్గర పెట్టండి. ఒంటిని పట్టుకుని ఎత్తొద్దు. చెయ్యి ముందు పెడితే తనే ఎక్కాలి. ఎర్ర బల్బు పారేయండి, రాత్రికి దానికి చీకటీ చల్లదనమే కావాలి.

ఒక ప్రశ్న. వెనకపాదం మడమ దగ్గర చిన్న ముల్లులాంటి బొడిపె ఉందా? ఫోటో తీసి పెట్టండి.

ఎడిసన్_బావగారు

వెటర్నరీ మేడమ్ చెప్పింది ఎముకల సంగతి. అసలు కీళ్ళ జబ్బు ఎలా ఉంటుందో మాకు అనుభవం, తేడా తెలియడానికి రాస్తున్నాను. మాది ప్యాంథర్ కమీలియన్, అంబిలోబే రకం, మగది, వయసైపోయింది. కాళ్ళు వంకరపోలేదు. వేళ్ళ కణుపుల్లో, మణికట్టులో గట్టి గడ్డలు లేచాయి. కొమ్మని పట్టుకోవాలంటే నొప్పితో పాదం వెనక్కి తీసుకునేది. దాని మలంలో తెల్లగా ఉండాల్సిన భాగం ముందునుంచే ముదురు పసుపుగా వస్తోంది. డాక్టర్ సూదితో కీలులోంచి కొంచెం తీస్తే సున్నంలాంటి ముద్ద వచ్చింది. గౌట్. కిడ్నీలు పాడై యూరిక్ యాసిడ్ కీళ్ళలో పేరుకుందట.

యూరిక్ యాసిడ్ తగ్గించే అల్లోప్యూరినాల్ ఇచ్చారు, ఒంట్లోకి నీళ్ళు ఎక్కించారు. కొన్నాళ్ళు బానే ఉంది. తర్వాత తిండి మానేసింది, డాక్టర్ చేత శాశ్వతంగా నిద్రపుచ్చేశాం. మా ఆవిడ ఆ పంజరం ఇంకా అమ్మనివ్వలేదు.

తిరుపతి_వెటర్నరీ

బావగారూ, మీరు రాసిన మలం రంగు సంగతి అందరూ గుర్తుపెట్టుకోవాలి. పసుపూ నారింజా అంటే నీళ్ళు చాలడం లేదని. ఊసరవెల్లి గిన్నెలో నీళ్ళు తాగదు, ఆకుల మీద బొట్లు నాకుతుంది. గౌట్ వచ్చాక కుదిర్చేది తక్కువ, ముందే నీళ్ళు చూసుకోవడం ఎక్కువ.

ఇంకో రకం కూడా ఉంది. గోరు ఊడినా, ఏదైనా కుట్టినా సూక్ష్మజీవులు దిగి ఒకే ఒక్క కీలు ఉబ్బుతుంది. సరీసృపాల చీము మన పుండులో చీములా కారదు, గట్టి జున్నులా ఉంటుంది. అందుకని వేడినీళ్ళ కాపడం పెడితే కారిపోతుందనుకోవద్దు. డాక్టర్ కోసి తీయాలి, ఏ సూక్ష్మజీవో తేల్చే కల్చర్ పరీక్ష చేయించి యాంటీబయోటిక్ ఇవ్వాలి.

ప్లేనో_అమ్మ

మేడమ్, వణుకు లేదు. ఫోటో పెట్టాను. ముల్లు లేదు, మడమ నున్నగా ఉంది. పెదవి గీత ఎడమవైపు కొంచెం అల తిరిగినట్టుంది. మా వాడు భూతద్దం పెట్టి చూసి చెప్పాడు. సోమవారానికి అపాయింట్‌మెంట్ దొరికింది.

తిరుపతి_వెటర్నరీ

అయితే పచ్చడి ఆడది. వీల్డ్ మగవాటికి గుడ్డులోంచి వచ్చినప్పుడే మడమ ముల్లు ఉంటుంది.

ఇది పెద్ద విషయమే. వీల్డ్ ఆడవి మగతోడు లేకపోయినా గుడ్లు పెడతాయి, ఈ వయసుకే మొదలుపెట్టొచ్చు. ఒక విడతకి డజన్ల గుడ్లు. ప్రతి గుడ్డు పెంకుకీ కాల్షియం కావాలి. అసలే ఖాళీ అయిన ఎముకల్లోంచి అది ఎక్కడినుంచి వస్తుంది? గుడ్లు బయటికి నెట్టే బలం కండరాలకి లేకపోతే లోపలే ఇరుక్కుపోతాయి. ఎక్స్‌రేలో గుడ్లు ఉన్నాయేమో కూడా చూడమనండి. లేకపోతే అదృష్టమే. జబ్బు కుదుటపడ్డాక తిండి, వేడి కొంచెం తగ్గించి ఉంచితే గుడ్ల సంఖ్య తగ్గుతుంది, వెచ్చటి కొమ్మ దగ్గర 80 డిగ్రీల ఫారెన్‌హీట్ చాలు. ఇప్పుడు మాత్రం తగ్గించొద్దు, డాక్టర్ చెప్పినట్టే. తవ్వుకోవడానికి అడుగు లోతు తడి ఇసుక డబ్బా ఒకటి ఎప్పుడూ పంజరంలో ఉంచండి.

నల్లరేగడి

మేం గుంటూరు దగ్గర. మా చేలో ఊసరవెల్లి దొరికింది, కాలు కుంటుతోంది. పై పద్ధతిలో ఇంట్లో ఉంచి కాల్షియం పెట్టొచ్చా?

తిరుపతి_వెటర్నరీ

వద్దండీ. మన ఊసరవెల్లి 1972 వన్యప్రాణి చట్టం కింద రక్షిత జీవి, ఇంట్లో పెంచడం నేరం. అడవిలో, చేలో తిరిగేవాటికి ఎండకీ పురుగుల రకాలకీ కొదవ లేదు, ఎంబీడీ వచ్చే అవకాశం తక్కువ. మీది ఏ పిల్లో కాకో పొడిచిందో, కొడవలి తగిలిందో అయ్యుంటుంది. అటవీశాఖవాళ్ళకి ఫోన్ చేయండి. వాళ్ళు వచ్చేదాకా నీడలో, ఎవరూ రాళ్ళు వేయకుండా చూడండి. ఊసరవెల్లి విషపురుగు అని ఇంకా నమ్మేవాళ్ళున్నారు, దానికి విషం లేదు.

ప్లేనో_అమ్మ

వెళ్ళొచ్చాం. ఎక్స్‌రేలో గుడ్లు లేవు. కానీ మామూలు ఊసరవెల్లి ఎక్స్‌రే పక్కన పెట్టి చూపించారు. దాని ఎముకలు తెల్లగా గీసినట్టున్నాయి, పచ్చడివి మసకగా, ఉన్నాయా లేవా అన్నట్టున్నాయి. మణికట్టు వాపు అనుకున్నది కీలు కాదు, దాని పైన ఎముక ఎప్పుడో విరిగి దానంతట అదే అతుక్కుంటోందట. కట్టు కట్టలేదు, కట్టు బరువుకి పక్క ఎముక విరుగుతుందన్నారు. నొప్పికి మందు, కాల్షియం సిరప్ ఇచ్చారు.

సిరప్ దగ్గరే తిప్పలు. నోరు తెరవదు. సిరంజి చూడగానే నల్లగా మారి బుస్సుమంటుంది. దవడ విరుగుతుందేమోనని మా వాడు పట్టుకోవడం లేదు. ఇంట్లో క్రికెట్ పురుగులకి ఏ ఆకులు పెట్టాలో కూడా చెప్పండి, పాలకూర పెడుతున్నాను.

తిరుపతి_వెటర్నరీ

బుస్సుమన్నప్పుడు నోరు తెరుస్తుంది కదా, అదే మీకు సందు. సిరంజి ఎదురుగా కాకుండా పక్కనుంచి తెచ్చి, తెరిచిన క్షణంలో నాలుక మీద ఒక చుక్క వదిలేయండి. మింగాక ఇంకో చుక్క. ఒక్కసారే కొడితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కోపం కూడా రాని రోజు పెదవి అంచున ఒక బొట్టు పెట్టండి, నాకేస్తుంది. డాక్టర్ ఒప్పుకుంటే సిరప్‌ని హార్న్‌వార్మ్ అనే లావుపాటి గొంగళిపురుగులోకి ఎక్కించి తినిపించొచ్చు. కప్పులోంచి తింటోందంటే అది తేలిక. దవడని వేలితో తెరవడం మాత్రం అసలు వద్దు, మీ అబ్బాయి భయం సరైనదే.

పాలకూరలో ఆక్సలేట్లు ఎక్కువ, ఉన్న కాల్షియాన్ని పట్టేసుకుంటాయి. తోటకూరా అంతే. అమెరికన్ స్టోర్లో ఆవాకు, కాలర్డ్ గ్రీన్స్, డాండిలయన్ ఆకులు దొరుకుతాయి. ఇండియన్ స్టోర్లో మునగాకు తీసుకోండి. పప్పులో సగం, పురుగులకి సగం. పచ్చడికి పెట్టేముందు రోజు పురుగులు ఇవి తినాలి. మీల్‌వార్మ్స్ తగ్గించి బ్లాక్ సోల్జర్ ఫ్లై లార్వాలు కలపండి, వాటిలో కాల్షియం సహజంగానే ఎక్కువ. ప్రతిపూటా డి3 లేని మామూలు కాల్షియం పొడి పల్చగా అద్దండి. డి3 ఉన్న విటమిన్ పొడి మామూలుగా రెండు వారాలకొకసారి, మీకు మాత్రం డాక్టర్ చెప్పినప్పుడే.

లైటుకి పొడుగాటి ట్యూబు కొనండి, టీ5 హెచ్‌ఓ. ఆర్కేడియా 6 శాతంగానీ రెప్టిసన్ 5.0గానీ. జాలీ పంజరం పైన పెట్టి, పచ్చడి వీపు ట్యూబుకి 8, 9 అంగుళాల దూరంలో ఉండేలా కొమ్మ కట్టండి. యూవీ కొలిచే మీటరు ఎవరిదైనా అరువు దొరికితే అక్కడ యూవీ ఇండెక్స్ 3 దగ్గర రావాలి. బయట వాతావరణం బాగున్న పూట జాలీ పంజరంతో సహా వరండాలో పెట్టొచ్చు, సగం నీడ ఉండాలి. గాజు పెట్టెని ఎండలో పెడితే ఉడికిపోతుంది.

వంగిన ఎముక తిన్నగా రాదు, ఆ నడక అలాగే ఉంటుంది. పట్టు, నాలుక గురి మాత్రం కొన్ని వారాల్లో మెరుగవుతాయి. వంకర కాళ్ళతో ఏళ్ళు బతికినవి మా ఆసుపత్రికి గోళ్ళు చూపించుకోవడానికి వస్తుంటాయి.

ప్లేనో_అమ్మ

చాలా థాంక్సండీ. ఇందాక పక్కనుంచి ఒక చుక్క పడింది, మింగింది. ఆఖరి ప్రశ్న. ఆ పాత మెలికల బల్బు ఇంకా బాగానే వెలుగుతోంది. ట్యూబుతోపాటు అదీ ఉంచనా?

తిరుపతి_వెటర్నరీ

వెలుగు కనిపించినంత మాత్రాన యూవీబీ ఉన్నట్టు కాదమ్మా. కొత్త ట్యూబు కూడా ఏడాదికి మార్చాల్సిందే, అప్పటికీ వెలుగుతూనే ఉంటుంది. కొన్న తేదీ మార్కర్‌తో దానిమీదే రాసిపెట్టుకోండి. పాతది తీసేయండి.